గోడకు సూది పెట్టిన నాడు

అనసూర్యకు కోపం వస్తే కాశిబుగ్గలో ఆ గల్లీ మొత్తం పక్కకు జరిగేది. ఆ పొద్దున మాత్రం జరగడానికి ఎవరికీ వీల్లేకపోయింది. గల్లీలో ఆడవాళ్ళంతా ఆమె ఇంట్లోనే ఉన్నారు, చేతుల నిండా ఎర్రమన్నూ సున్నమూ పూసుకుని, పెళ్ళివారింటికి పనికి వచ్చినంత సంబరంగా.

ఆమె గడపలోనే నిలబడిపోయింది. నిన్న సాయంత్రం బిడ్డను ఖిలా వరంగల్‌లో తల్లిగారింట్లో దిగబెట్టి, పొద్దున్నే బయల్దేరి వచ్చింది. వచ్చేసరికి గోడ లేదు. అంటే గోడ ఉంది గానీ, ఆమె ఎరిగిన గోడ లేదు. దూలం కింది నుంచి మగ్గం గుంట దాకా వంకరలు తిరుగుతూ దిగిన పగులు, చెయ్యి పెడితే మణికట్టు దాకా లోపలికి పోయే పగులు, మాయమైపోయింది. దాని మీద తెల్లటి సున్నం. కింద ఎర్రమన్ను పట్టీ. పట్టీ మీద ముగ్గు కూడా పెట్టారు, ఇంకేం కావాలి!

"పగులేది?" అంది అనసూర్య.

అత్త లచ్చవ్వ కొంగుతో చెమట తుడుచుకుంటూ నవ్వింది. "పూసినం బిడ్డా. నువ్వు లేకున్నా గల్లీ గల్లంత వచ్చి చేసిండ్రు. సర్కారు ఆయన పట్నం నుంచి మన ఇంటికి వత్తాండు. పగిలిన గోడ సూపెట్టి ఇజ్జత్ తీసుకుంటమా?"

"ఆయన వత్తాంది ఆ పగులు సూడనీకే గదా అత్తా!"

"సూడనియ్యి. మంచిగ సూత్తడు."

చెప్పండి, ఇలాంటి మాట వింటే ఎవరికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కదు? ఇంటికి వచ్చేవాడు చుట్టం కాదు, పెళ్ళిచూపులకు వచ్చే మగపెళ్ళివాడూ కాదు. రోగం చూపించుకోవడానికి దవాఖానకు పోతూ ఒంటి మీది పుండు మీద పౌడరు అద్దుకున్నట్టుంది వీళ్ళ వరస.

గోడకు అవతల కిషన్ రావు దొర మిల్లు. ఒకప్పుడు అది మిల్లు కాదు, ఇలాంటిదే ఒక నేతిల్లు. రెండిళ్ళకూ నడిమి గోడ ఒక్కటే. తాతల నాటి మట్టిగోడ. ఇటు వాసాలూ అటు వాసాలూ దాని మీదే ఆనేవి. దేశాల నడుమ లడాయి మొదలై బట్టకు గిరాకీ పెరిగాక కిషన్ రావు ఆ పక్కిల్లు కొని, కప్పు పీకి, రేకులు వేసి, ఒక నూనె ఇంజన్నూ దాంతో నడిచే మరమగ్గాలనూ తెచ్చి దింపాడు. పల్టన్ సిపాయిల గాయాలకు కట్టే గుడ్డలు నేసే కాంట్రాక్టు. మగ్గాలన్నిటినీ తిప్పే పొడుగాటి ఇనుప షాఫ్టును బిగించడానికి ఆయనకు వేరే చోటు కనబడలేదు. ఉన్న గోడకే బోల్టులు దిగగొట్టాడు. అదేమిటని అడిగితే కులపెద్దల ముందర నిలబడి, "ఉమ్మడి గోడ. మీకెంతో నాకూ అంతే" అన్నాడు. పెద్దలు తలలూపారు. దొర మాటకు తలలూపడం వాళ్ళకు పాత అలవాటే.

ఆనాటి నుంచి ఇంజన్ మొదలైతే చాలు, ఉట్టి మీద కుండలు ఒకదానికొకటి తగిలి మోగేవి. మగ్గం మీద పడుగు పోగులు ఊరికే తెగేవి. దసరాకు గోడలో వెంట్రుకంత గీత కనబడింది. శివరాత్రికి అందులో వేలు పట్టింది. ఆ తర్వాత ఎవరూ వేలు పెట్టి చూడలేదు, భయమేసి.

అనసూర్య మొగుడు సాంబమూర్తి నోట్లో నాలుక లేని మనిషి. నూలు మీద సర్కారు కట్టడి పెట్టాక సొంత మగ్గానికి నూలు దొరక్క, పోయి ఆ మిల్లులోనే కూలికి కుదిరాడు. గోడకు ఇటు కూర్చుని నేసేవాడు గోడకు అటు నిలబడి నేస్తున్నాడు, అంతే తేడా. దొరికిన కాస్త నూలుతో అతని గుంట మగ్గంలో అనసూర్య కూర్చుంది. ఆడది మగ్గం గుంటలో దిగుతుందా అని నలుగురూ నవ్వారు. నవ్విన నోళ్ళకు ఆమె ఇచ్చిన జవాబులు ఇక్కడ రాస్తే బాగుండదు.

గోడ సంగతి చెప్పుకోవడానికి ఆమె హనుమకొండ కచేరీకి కాళ్ళరిగేలా తిరిగింది. "గోడ వణికితే మేమేం చేస్తమమ్మా, చలి పెడుతున్నదేమో, దుప్పటి కప్పు" అని ఒక గుమాస్తా ఇకిలించాడు కూడా. ఆ తర్వాత ఎక్కడో ఒక పత్తి మిల్లు షెడ్డు కూలి మనుషులు పోయారు. అప్పుడు కదిలింది సర్కారు. కట్టడాల వణుకు కొలిచే యంత్రం ఒకటి పట్నంలో ఉందనీ, దాన్ని పట్టుకుని ఒక ఇంజనీరు ఊళ్ళు తిరుగుతున్నాడనీ, ఇచ్చిన దరఖాస్తు మీద ఈ ఇల్లు చూడటానికీ వస్తాడనీ కబురు వచ్చింది. ఆ కబురు విన్న నాడు అనసూర్య గల్లీలో అందరికీ బెల్లం పంచింది.

అలాంటిది, ఆ ఇంజనీరు వచ్చే పూట ఈ పూత!

ఆమె చూరులోంచి కొడవలి లాగి, పచ్చి సున్నాన్ని గీకడం మొదలుపెట్టింది. పెళ్ళలు పెళ్ళలుగా రాలుతోంది. ఆడవాళ్ళు ఒక్కసారే గొల్లుమన్నారు.

"అయ్యో, మా రెక్కల కష్టమంత బుగ్గిపాలు చేత్తాంది!" అంది ఎదురింటి చిలుకమ్మ.

"మీ రెక్కలు ఇరగ! ఎవరు పుయ్యమన్నరే మిమ్ములను?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదైతది పిల్లా" అంది లచ్చవ్వ, ముఖం చిన్నబుచ్చుకుని.

"నోరు మంచిగున్నన్ని దినాలు గోడ పగిలింది అత్తా. ఇగ చాలు."

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందర జట్కా ఆగింది. దిగినవాడు సన్నగా, పొడుగ్గా, నెత్తిన టోపీతో ఉన్నాడు. పేరు వెంకట్రాజం. జగిత్యాల దిక్కు మనిషే గానీ పట్నంలో చదివి అక్కడే ఇంజనీరయ్యాడు. ఒళ్ళో పెట్టుకొచ్చిన చెక్కపెట్టెను జట్కా వాడికి కూడా ఇవ్వకుండా తానే రెండు చేతులా పట్టుకుని దిగాడు. లోపలికి తొంగి చూస్తే జుట్టు నిండా సున్నంతో ఒక ఆడమనిషి కొడవలి పట్టుకుని నిలబడి ఉంది. పాపం, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏం జరుగుతున్నదమ్మా ఇక్కడ?"

"పగులు ఎతుకుతాన సారూ. మావోళ్ళు నీకోసం దాసిపెట్టిండ్రు."

సంగతి విని అతను నవ్వాడు. "ఉండనీ, గీకకు. నా సూదికి సున్నం కనబడదు. గోడే కనబడుతది."

పెట్టె తెరిస్తే లోపల ఇత్తడి డబ్బా. దాంట్లో గడియారంలో ఉన్నట్టు చక్రాలు, కాగితపు చుట్ట, చుట్ట మీద ఆని ఆననట్టు ఒక సన్నటి సూది. ముందు ఎదుటి గోడలోకి ఒక ఇనుప కొక్కెం దిగగొట్టి దానికి డబ్బాను బిగించాడు. చక్రాలకు చావి ఇస్తే కాగితం తనంతట తాను జరుగుతుందట, గోడ ఎంత కదిలితే సూది అంత గీస్తుందట. అతనింకా చావి తిప్పుతూనే ఉన్నాడు, లచ్చవ్వ పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టుకొచ్చి డబ్బా నెత్తిన బొట్టు పెట్టేసింది.

"హాఁ! ముట్టొద్దు! ముట్టొద్దమ్మా!" అని అరిచాడు ఇంజనీరు.

పద్మశాలీ ఇంట్లో పనిముట్టు అడుగుపెడితే బొట్టు పెట్టకుండా ఎలా ఉంటారు? నాడెకు పెడతారు, రాట్నానికి పెడతారు, దీనికీ పెట్టింది. కాగితం మీద కుంకుమ రాలింది. అతను నోటితో ఊది ఊది దులుపుకుంటుంటే గల్లీ ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అనసూర్యకు మాత్రం నవ్వు రాలేదు. గుమ్మం దగ్గర కిషన్ రావు దొర వచ్చి నిలబడ్డాడు, బుగ్గన పాన్ పెట్టుకుని, ఎవరింట్లోనో పెళ్ళి చూడటానికి వచ్చినవాడిలా.

మొదట ఇంజన్ ఆపించాడు ఇంజనీరు. చెక్క సుత్తికి గుడ్డ చుట్టి, ఎదుటి గోడను ఒకసారి కొట్టించి సూది గీత చూశాడు. తర్వాత డబ్బాను ఈ గోడకు మార్చి దీన్నీ అలాగే కొట్టించాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అనసూర్యను పిలిచాడు.

"నువ్వు నేస్తవు గద. బిగించిన పడుగు మీద వేలుతోని కొడితే ఏమైతది?"

"జివ్వుమని ఆగుతది."

"వదులైతే?"

"ఊగుతది. జల్దీ ఆగది."

"గోడ కూడా అంతే. ఇదిగో, ఆ గోడ గీతలు దగ్గరదగ్గరగ పడి టక్కున ఆగినయి. అది గట్టిగున్నది. రెండూ ఒక్కనాడే కట్టినయంటున్నరు. మరి ఇది చూడు, ఎంత ఎడం ఎడంగ ఊగుతున్నదో, ఎంతకూ ఆగుతలేదు. లోపల విడిపోయింది." కాగితం మీద వేలు పెట్టి ఇంకాస్త సేపు చూశాడు. "ఇప్పుడు ఇంజన్ నడువనీ. ఎంత వణుకు వస్తున్నదో చూద్దాం."

ఇంజన్ మొదలైంది. సూది కాగితం మీద బెరుకు బెరుకుగా చిన్న చిన్న గీతలు గీసింది. ఇంజనీరు కనుబొమలు ముడిచాడు.

"ఇంతేనా? ఇంత దానికి గోడ విడిపోదే."

"సూసిండ్రా సారూ?" అన్నాడు కిషన్ రావు. "ఉయ్యాల ఊపినంత కూడ లేదు. ఆడోళ్ళ ఏడుపులకు మీరు పట్నం నుంచి రావాల్నా?"

అనసూర్య చెవి రిక్కించింది. ఆ గోడ పక్కన తిని, ఆ గోడ పక్కన పండేదానికి ఆ చప్పుడు తెలియదా? ఇంజన్ ఒక్కటే దబదబలాడుతోంది. మగ్గాలు లేవు. ఎప్పుడూ నెత్తి మీద రాళ్ళ వాన పడ్డట్టుండే మోత లేదు. ఆమెకు ఒక్క క్షణంలో అర్థమైంది. దొరను భుజంతో నెట్టుకుని బయటికి ఉరికింది.

మిల్లు తలుపు బార్లా తీసే ఉంది. లోపల షాఫ్టు ఖాళీగా తిరుగుతోంది. మగ్గాల మీదికి దిగే తోలు పట్టాలన్నీ జారవేసి ఉన్నాయి, ఒకటో రెండో తప్ప. పనివాళ్ళు చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. అంతా తన కులపోళ్ళే, తన గల్లీ వాళ్ళే. వాళ్ళ నడుమ సాంబమూర్తి తల దించుకుని ఉన్నాడు.

"ఏందిది?" అంది ఆమె.

"దొర చెప్పిండు" అన్నాడు సాంబమూర్తి. "సారు పోయేదాక పట్టాలు ఎక్కించద్దన్నడు."

"చెప్తే? నీ బుద్ధి ఏ గడ్డి తిన్నది?"

"పని పోతది అనసూర్యా."

"పోనియ్యి! థూ, నీ పని పాడుగాను! ఆ గోడ కింద పండేది ఎవలయ్యా? నీ బిడ్డ గాదా? నిన్న దాన్ని మా అవ్వ కాడ దిగబెడుతాంటే 'నాయిన రాడా' అని అడిగింది. ఏం చెప్పాలె? మీ నాయిన ఆ గోడను కూలగొట్టే కాడ కూలికి పోయిండని చెప్పాల్నా?" ఆమె మిగతావాళ్ళ వైపు తిరిగింది. "మీరు? కట్టయ్య మామా, నువ్వు గూడ? నాకు మేనమామ వరుస, పెళ్ళిల నన్ను బుట్టల కూసోబెట్టి ఎత్తుకచ్చిన చేతులు గదనే అవి. కట్టుకోని నిలబడ్డయా?"

సాంబమూర్తి ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. తర్వాత మూలకున్న కర్ర తీసుకుని తన మగ్గం పట్టాను చక్రం మీదికి ఎక్కించాడు. మగ్గం ఉలిక్కిపడి కదిలింది. కట్టయ్య గొణుక్కుంటూ తన పట్టా ఎక్కించాడు. ఆ పక్కవాడు, ఆ అవతలివాడు, చివరికి అందరూ ఎక్కించారు. షెడ్డు రేకులు గడగడలాడాయి.

అనసూర్య పరుగున ఇంట్లోకి వచ్చేసరికి సూది పిచ్చి పట్టినట్టు కొట్టుకుంటోంది. కాగితం ఈ అంచు నుంచి ఆ అంచుకు గీస్తోంది. ఉట్టి మీద కుండలు మోగుతున్నాయి. గోడ మీద కొత్త సున్నం ముందు ఒక గీతగా విచ్చుకుంది, తర్వాత పెళ్ళలు ఊడి కింద ముగ్గు మీద పడ్డాయి. రాత్రంతా కూర్చుని మూసిన పగులు అందరి కళ్ళ ముందే మళ్ళీ నోరు తెరిచింది. లచ్చవ్వ "అమ్మో, తల్లీ" అంటూ వెనక్కి జరిగి చిలుకమ్మ మీద పడింది.

"బంద్! బంద్ చెయ్యమనుండ్రి!" అని కేకేశాడు ఇంజనీరు.

ఇంజన్ ఆగింది. అతను కాగితం చుట్ట విప్పి చాలాసేపు చూసుకున్నాడు. టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

"ఇల్లు ఉండడానికి పనికిరాదమ్మా. గోడ ఎప్పుడు పడుతదో చెప్పలేం. మీరు ఇవాళే ఖాళీ చెయ్యాలె."

అనసూర్యకు మొదట ఆ మాట ఎక్కలేదు. కిషన్ రావు మాత్రం పాన్ ఉమ్మి వచ్చి నవ్వుతూ అందుకున్నాడు.

"నేను ముందుగాలనే చెప్పిన సారూ. పాత కొంప, కూలేది కూలుతది. జాగ నాకే అమ్ముమన్న, షెడ్డు ఇటు పెంచుకుంటనన్న. వింటేనా?"

ముల్లు పోయి ఆకు మీద పడ్డా, ఆకు పోయి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనంటారు. నిజమే. కానీ చిరిగిన ఆకును పట్టుకుని నీ వల్లే ముల్లు మొద్దుబారింది అన్న మనిషిని ఇక్కడే చూడాలి.

"సారూ," అంది అనసూర్య. "కొట్టినోన్ని ఇడిసిపెట్టి, దెబ్బలు తిన్నోన్ని ఊరిడిసి పొమ్మంటానవ్. గిదేనా నీ డబ్బా చెప్పింది?"

"నన్ను పంపింది కట్టడం సంగతి చూడనీకమ్మా. తగాదా తెంపనీకి కాదు. దరఖాస్తుల ఇల్లు చూడమని ఉన్నది, ఇల్లు చూసిన."

చెడ్డవాడు కాదు అతను. కాగితం మీద గీత పడితే తన పని అయిపోయిందనుకునే రకం, అంతే. అలాంటివాళ్ళ మీద ఆమెకు దొర మీదకన్నా ఎక్కువ కోపం వచ్చింది.

"సారును ఎందుకంటవ్?" అన్నాడు కిషన్ రావు. "ఇల్లు నీది, గోడ నీది. కూలితే పాపం గూడ నీదే."

అనసూర్య గిర్రున అతని వైపు తిరిగింది. "ఏమంటివి దొరా? మల్లొక్కసారి అను. గోడ ఎవలది?"

"నీదే. ఇంకెవలది?"

"గల్లీ అంత ఇన్నరా? గోడ నాదట! అయితే నా గోడకు కొట్టిన నీ బోల్టులు ఇప్పుడే పీకు. షాఫ్టు ఎత్తుకోని పో. ఏ, పీకవా? పీకకుంటే ఉమ్మడిదే. ఉమ్మడిదైతే, ఇటు దిక్కు పనికిరాని గోడ అటు దిక్కు ఎట్ల పనికొస్తది? సారూ, నువ్వు చదువుకున్నోనివి, చెప్పు. ఇటు పడితే నా అత్త చత్తది. అటు పడితే నా మొగడు చావడా? దొర ముఖం సూసి ఆ దిక్కు పడకుంట ఆగుతదా?"

ఇంజనీరు ఆమెను చూశాడు, దొరను చూశాడు, గోడను చూశాడు. డబ్బా విప్పుకుని మిల్లు తలుపు దారి పట్టాడు. "అదెందుకు సారూ, చాయ తాగుదురుగాని" అంటూ దొర వెనక పడ్డాడు. అతను ఆగలేదు. లోపల సుత్తి చప్పుడు వినిపించింది. బయటికి వచ్చినప్పుడు అతని ముఖం ఎర్రగా ఉంది.

"షాఫ్టు మొత్తం ఆ విడిపోయిన గోడకే వేలాడుతున్నది. కింద మనుషులున్నరు. ఇది ముందుగాల ఎందుకు చెప్పలే మీరు?" అని దొరను నిలదీశాడు. "గోడ ఎవరిదో నాకు అక్కరలేదు. దీన్ని దించి కొత్తది కట్టిందాక ఇటు ఎవరూ పండొద్దు, అటు ఇంజన్ నడవొద్దు."

ఆ మాటే రెండు కాగితాల మీద రాసి, మొహరు వేసి, ఒకటి ఇంటి తలుపుకూ ఒకటి మిల్లు తలుపుకూ అంటించి జట్కా ఎక్కాడు. ఆ రాత్రి అత్తా కోడళ్ళు చిలుకమ్మ అరుగు మీద పడుకున్నారు. సాంబమూర్తి పక్కనే కూర్చుని ఏదో చెప్పబోయి చెప్పలేదు. దినమంతా అరిచిన అలసటకు అనసూర్య అడగకుండానే నిద్రపోయింది. అడిగి ఉండాల్సింది.

తెల్లారి ఆమెను లేపింది ఇంజన్ చప్పుడు.

ఆమె లేచి కూర్చుంది. సాంబమూర్తి లేడు. గల్లీలోకి ఉరికి చూస్తే మిల్లు తలుపు మీది కాగితం చింపేసి ఉంది, కొసలు మాత్రం అంటుకుని మిగిలాయి. తలుపు లోపలి నుంచి గడియ. లోపల మగ్గాలన్నీ నడుస్తున్నాయి, నిన్నటి లెక్క కాదు, నిండుగా.

"దొర పొద్దుగాల్నే మనిషిని పంపిండు పిల్లా," అంది చిలుకమ్మ మెల్లగా. "పల్టన్ గుడ్డ ఆగితే జవాబు ఎవలు చెప్తరు, ఆ సూది చెప్తదా అన్నడట. రానోని జాగల ఇంకోన్ని పెడ్తనన్నడట. మా ఆయన గూడ పోయిండు."

అనసూర్య తలుపు బాదింది. "ఓ అయ్యా! బయటికి రా! మీకు బుద్ధి లేదా, రాండ్రి బయటికి!" ఆ మోతలో ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. తిట్టింది. దొరను తిట్టింది, మొగుణ్ణి తిట్టింది, కాగితం ఊరికే అంటించి పోయిన ఇంజనీరునూ తలలూపిన కులపెద్దలనూ పేరు పేరునా తిట్టింది. ఇల్లు పోతే పోయింది. ఇప్పుడు ఆ గోడ కింద ఆమె బిడ్డ లేదు, బిడ్డ తండ్రి ఉన్నాడు. గల్లీలో సగం మంది మొగుళ్ళు ఉన్నారు. కచేరీకి పోతే ఎప్పటికి వస్తారు వాళ్ళు? మనుషులు చచ్చాక వస్తారు. అదీ ఆమెకు తెలిసిందే.

ఆమె వెనక్కి తిరిగింది. ఆడవాళ్ళంతా గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు.

"సూత్తాన్రేందే? నిన్న సున్నం పూసిన చేతులే గదా. ఇయ్యాల గుంజలు పట్టుకోని రాండ్రి."

అందరికన్నా ముందు కదిలింది లచ్చవ్వ. పెరట్లోంచి గుంజ ఈడ్చుకొచ్చింది. చిలుకమ్మ ఇంకొకటి తెచ్చింది. తమ పందిళ్ళు పీకి తెచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇంటి దూలం కిందా వాసాల కిందా వరసగా ఆనించి, కప్పు బరువు గోడ మీది నుంచి గుంజల మీదికి ఎత్తారు. అంతా అయ్యాక అనసూర్య కొంగు నడుముకు చుట్టి గడ్డపార తీసుకుంది. బోల్టులున్న వైపు పోలేదు. ఈ చివర, పగులు వెడల్పుగా ఉన్న చోట నిలబడి, గడ్డపార మొనతో దబదబా కొట్టింది.

"గోడకున్నోళ్ళు జరుగుండ్రి! అనసూర్య గోడ తీత్తాంది! జరుగుండ్రి!"

అవతల ఎవరో అరిచారు. ఆమె పగుల్లోకి మొన దించి మీదికి ఎత్తింది. ఎండిపోయిన మట్టి పెళ్ళ ఒకటి ఊడింది. ఇంకొకటి ఊడింది. మూడోది అవతలికే పడిపోయింది. కంతలోంచి వెలుగు వచ్చింది, దాంతో పాటు మగ్గాల మోత, నూనె వాసన. ఆ కంతలోంచి సాంబమూర్తి ముఖం కనబడింది, నోరు తెరుచుకుని.

మొగుడూ పెళ్ళాం గోడకు చెరొక దిక్కున నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. అతని జుట్టు మీద మట్టి రాలి ఉంది.

"సూసినవా ఎంత అలకగ ఊడిందో?" అంది అనసూర్య. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, గొంతులో మాత్రం కారం తగ్గలేదు. "ఆడదాని రెండు చేతులకే ఊడింది. దీని కిందనే నిలబడ్డవ్ నువ్వు. ఇంకా నిలబడ్తవా? నిలబడితే నిలబడు. నేను మాత్రం ఆపను."

సాంబమూర్తి కంత అంచు మీద చెయ్యి వేశాడు. మట్టి పొడిపొడిగా అతని వేళ్ళ మధ్య నుంచి జారింది. అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. కొంచెం సేపటికి మగ్గాలు నత్తినత్తిగా కొట్టుకుని, ఇంజన్ దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది.

మిల్లు గడియ తీసి జనం బిలబిలా బయటికి వచ్చారు. వాళ్ళను తోసుకుంటూ కిషన్ రావు అనసూర్య ఇంట్లోకి వచ్చి పడ్డాడు. ధోతి కుచ్చెళ్ళు ఊడిపోయిన సంగతి కూడా చూసుకోలేదు.

"ఎవడు ఇంజన్ ఆపింది? నా గోడ పగలగొడ్తానవా? నీకు నెత్తిల బుద్ధి ఉన్నదా? పోలీసోళ్ళను పిలిపిస్త!"

అనసూర్య గడ్డపార భూమికి ఆనించి నిలబడింది. నిన్న గోడ నీదన్న నోరే అది. ఆమెకు నవ్వు వచ్చింది, అసలు ఆ వారంలో మొదటిసారి నవ్వింది.

"పిలువు దొరా. ఉమ్మడి గోడని పెద్దల ముందర అన్నది నువ్వే. నా సగం నేను దించుకుంటాన. నీ సగం నిలబడితే నిలబెట్టుకో."

గల్లీ గల్లంతా ఒక్కసారి పకపకా నవ్వింది. దొర పనివాళ్ళ కేసి చూశాడు. వాళ్ళెవరూ అతని కేసి చూడటం లేదు, కంత కేసి చూస్తున్నారు. నిన్నటి దాకా తాము ఆ గోడకే వీపు ఆనించి అన్నం తిన్న సంగతి వాళ్ళకు గుర్తొచ్చినట్టుంది. కట్టయ్య మెల్లగా మెడ తడుముకున్నాడు.

సాంబమూర్తి వచ్చి పెళ్ళాం చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. "నడిమిట్ల నుంచి గాదు, మీదికెల్లి తియ్యాలె. లేకుంటే మన మీదనే పడుతది" అన్నాడు. తర్వాత, అందరూ వింటుండగా, ఎన్నడూ లేనంత గట్టిగా, "మామా, జర నిచ్చెన పట్టుకరా. ముందుగాల ఆ దిక్కు షాఫ్టు దించుదాం" అని కట్టయ్యను కేకేశాడు.

"తెల్లారి పోయేటప్పుడు లేకపాయె గీ నోరు" అంది అనసూర్య.

అతను నిచ్చెన ఎక్కి, మీది వరస మట్టిని తవ్వి తవ్వి కిందికి అందించసాగాడు. ఆమె తిట్టుకుంటూనే అందుకుని, తట్టలోకి వేసి, వాకిట్లో కుప్ప పోసింది.